ఆర్‌ భాషలో గ్రాఫులను భద్రపరచడం: వరుస సంఖ్యలా, సొంత పేర్లా?

జిల్లాలవారీ వర్షపాతం గ్రాఫులను, గణాంకాల విశ్లేషణకు వాడే ఆర్‌ అనే ప్రోగ్రామింగ్‌ భాషలో వేర్వేరు చిత్రాలుగా భద్రపరచడానికి రెండు పద్ధతులున్నాయి. గ్రాఫును చిత్రంగా దాచే ఫైలును తెరిచే పీఎన్‌జీ ఫంక్షన్‌ను ఒక్కసారే పిలిచి, ఫైలు పేరులో శాతం గుర్తు, 03, డి అక్షరం వరుసగా (%03d) రాస్తే, కొత్త గ్రాఫు గీసిన ప్రతిసారీ 001, 002 అంటూ కొత్త ఫైలు దానంతటదే ఏర్పడుతుంది. అయితే మధ్యలో ఒక్క గ్రాఫు తగ్గినా తర్వాతి సంఖ్యలన్నీ జరిగిపోతాయి కనుక, ఏ ఫైలు ఏ జిల్లాదో పేరు చూసి చెప్పలేము.

రెండవ పద్ధతిలో, లూపులో (ఒకే పనిని పదే పదే చేయించే కోడ్‌లో) ప్రతి గ్రాఫుకూ పీఎన్‌జీని విడిగా తెరిచి, జిల్లా పేరునే ఫైలు పేరుగా కూర్చి, గీసిన వెంటనే డెవ్‌.ఆఫ్‌ అనే ఫంక్షన్‌తో ఆ ఫైలును మూసివేయాలి. మూయడం మరిస్తే ఫైలు అసంపూర్ణంగా మిగిలిపోవచ్చు. గ్రాఫులు గీసే ఆర్‌ ప్యాకేజీ జీజీప్లాట్‌2 వాడేవారు లూపులో ప్రింట్‌ అని స్పష్టంగా రాయకపోతే గ్రాఫే పడదు. ఇంత శ్రమ ఉన్నా, నివేదికల్లో చేర్చే గ్రాఫులకు ఈ పద్ధతే సరైనదని నా దృఢమైన అభిప్రాయం.