లూపస్ క్లినిక్‌లో ప్లీహం పరీక్ష: మా అనుభవం

మా చెల్లెలికి లూపస్ (ఒంటి రక్షణ వ్యవస్థే సొంత అవయవాల మీద దాడిచేసే జబ్బు) వచ్చి ఆరేళ్లయింది. మొన్న వేసవిలో ఎడమ డొక్కలో మొదలైన నొప్పి ఎడమ భుజం దాకా పాకితే, రాత్రివేళ వెళ్లిన ఒక ఆసుపత్రిలో గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చి పంపించేశారు. మూడో రోజున హైదరాబాదులోని ఈ రుమటాలజీ క్లినిక్‌కు తీసుకువెళ్లాము.

డాక్టరుగారు ఆమెను కుడిపక్కకు తిప్పి పడుకోబెట్టి, గట్టిగా ఊపిరి పీల్చమని, ఎడమ పక్కటెముకల కింద వేళ్లు ఆనించి ప్లీహాన్ని తడిమి చూశారు. ఆ కాసేపూ ఆయన మరో మాట మాట్లాడలేదు. లూపస్‌లో ప్లీహం కొంత పెరగడం తరచూ చూసేదే అయినా, ఇంత నొప్పి ఉంటే రక్తనాళంలో గడ్డ అడ్డుపడిందేమోనని అనుమానించాలని చెప్పి, ఆ రోజే మందు ఎక్కించి సీటీ తీయించారు. ప్లీహం అంచున ముక్కోణపు నల్లటి మచ్చ కనిపించింది. రక్తం అందక అంతమేర చచ్చిపోయింది. రక్తాన్ని గడ్డకట్టించే యాంటీ ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు కూడా పరీక్షలో బయటపడ్డాయి. ఒక్కసారి కనిపిస్తే చాలదని, 12 వారాలు గడిచాక మళ్లీ చేయించి నిర్ధారించుకోవాలని ముందే చెప్పారు.

నాకు బాగా నచ్చింది ఆ తరువాతి సంగతి. రక్తపు స్లయిడ్‌ను ఆయనే మైక్రోస్కోపు కింద పెట్టి మాకూ చూపించారు: కొన్ని ఎర్రకణాల్లో ఆవగింజంత ముదురు చుక్కలున్నాయి. వాటిని హోవెల్-జాలీ బాడీలంటారట. మామూలుగా ప్లీహం ఏరిపారేసే ఆ చుక్కలు మిగిలిపోయాయంటే అది సరిగా పనిచేయడం లేదన్నమాట. అలాంటివారికి న్యుమోకాకస్ వంటి క్రిములు సోకితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుందని, అందుకే జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి రమ్మని చెప్పారు. టీకాల వరుసను కాగితం మీద రాసిచ్చారు. రక్తం గడ్డకట్టకుండా చూసే వార్ఫరిన్ మాత్రలు మొదలుపెట్టినప్పుడు అక్కడి ఆహార నిపుణురాలు, "ఆకుకూరలు మానకమ్మా, రోజూ ఒకే తీరుగా తిను" అన్నారు. ఆకుకూరలు ఆ మందు పనికి అడ్డుపడతాయని, పాలకూర ఇక ఇంట్లోకి రాకూడదనుకున్న మా అమ్మ మనసు కుదుటపడింది.

లోపాలూ ఉన్నాయి. అపాయింట్‌మెంట్ ఉన్నా మూడు గంటలు కూర్చోబెట్టారు. నొప్పితో ఉన్నవాళ్లు నడుం వాల్చడానికి బల్లయినా లేదు. రాసిచ్చిన టీకాలు అక్కడి ఫార్మసీలో దొరక్క బయట రెండు దుకాణాలు తిరిగాము. జ్వరం వస్తే రాత్రిపూట ఎవరికి ఫోన్ చేయాలో ఆ కాగితం మీద లేదు. అడిగాక పెన్నుతో రాసిచ్చారు. అది ముందే అచ్చువేసి ఇవ్వవలసిన నంబరు.