రూమ్మేట్‌ను కుదిర్చే యాప్: అలవాట్ల వరకు సరే, అభిరుచులే అనవసరం

మా హాస్టల్‌లో గదుల కేటాయింపు ఇప్పుడు వార్డెన్ చేతిలో లేదు, ఒక యాప్ చేతిలో ఉంది. చేరబోయే విద్యార్థి ప్రశ్నావళి నింపితే, ప్రాంగణమంతటి జవాబులతో పోల్చి, దగ్గరగా ఉన్న కొందరి పేర్లను శాతాలతో సహా చూపించి, ఒకరిని ఎంచుకోమంటుంది. విద్యా సంవత్సరం పొడుగునా దాని ఫలితంతో కలిసి ఉన్నవాడిగా అయిదుకు మూడు మార్కులు వేస్తాను. ఆ మూడూ ప్రశ్నావళి మొదటి సగానికే.

ఆ సగం రాసినవారికి హాస్టల్ గది అంటే ఏమిటో తెలుసు. అలారం మోగగానే లేస్తారా, ఆపేసి మళ్లీ పడుకుంటారా. అవతలి మంచం మీద మనిషి నిద్రపోతుంటే ఫోను గదిలోనే మాట్లాడతారా, వరండాలోకి వెళ్తారా. విడిచిన బట్టలు కుర్చీ మీద ఎన్నాళ్లుంటే మీకు చిరాకు వేస్తుంది అని సూటిగా అడుగుతుంది. శుభ్రంగా ఉంటారా అంటే అందరూ అవుననే అంటారు, కుర్చీ మీది బట్టల దగ్గరే నిజం బయటపడుతుంది. పరీక్షల రోజుల్లో సైతం మా ఇద్దరికీ లైటు గురించి మాటామాటా రాలేదంటే ఆ ఘనత ఈ ప్రశ్నలదే.

చిక్కంతా రెండో సగంతో. బ్రాంచి, ఇష్టమైన ఆట, వినే సంగీతం, రాజకీయ మొగ్గు, వీటన్నిటికీ నిద్రవేళతో సమానమైన విలువ ఇస్తుంది. పోలిక ఉన్నవారి మధ్యే స్నేహం ఎక్కువగా కుదరడాన్ని సామాజిక శాస్త్రవేత్తలు లాజర్స్‌ఫెల్డ్, మెర్టన్ 1954లోనే హోమోఫిలీ అన్నారు కాబట్టి ఈ ఆలోచన గాలిలోంచి పుట్టిందేమీ కాదు. అయితే ఆ పని విద్యార్థులు ఎవరూ చెప్పకుండానే చేసుకుంటారు. తరగతి, క్లబ్బు, స్నేహితుల స్నేహితులు, అన్నీ అటే నడిపిస్తాయి. మనుషులు ఎక్కువైతే స్నేహాల్లో వైవిధ్యమూ పెరుగుతుందనుకుంటాం గానీ, అమెరికాలోని కాన్సస్ రాష్ట్రంలో పెద్ద విశ్వవిద్యాలయాన్ని చిన్న కళాశాలలతో పోల్చి 2012లో వెలువరించిన అధ్యయనంలో పెద్ద ప్రాంగణంలోని స్నేహితుల మధ్యే పోలిక ఎక్కువగా తేలింది. ప్రాంగణమంతా గాలించే ఈ యాప్ ఆ ధోరణికే ఊతమిస్తోంది.

గది వల్ల కలిగే మేలు వేరు. అమెరికాలోనే డార్ట్‌మౌత్ కళాశాలలో ఒకప్పుడు పొగతాగడం, చదివేటప్పుడు సంగీతం, రాత్రి మేలుకోవడం, శుభ్రత వంటి కొద్ది విషయాలే అడిగి, ఆపైన యాదృచ్ఛికంగా జత చేసేవారు. ఆ జంటలను పరిశీలించి ఆర్థికవేత్త బ్రూస్ సాసర్‌డోట్ 2001లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, రూమ్మేట్ ప్రభావం మార్కుల మీదా, ఫ్రాటర్నిటీలనే విద్యార్థి క్లబ్బుల్లో చేరే నిర్ణయం మీదా కనిపించింది. అంత ప్రభావం చూపగల మనిషి అచ్చం మనలాగే ఉంటే అతని నుంచి కొత్తగా అబ్బేదేముంటుంది? నా రూమ్మేట్‌దీ నా బ్రాంచే. లెక్క ఆగిపోతే ఇద్దరికీ ఒకేచోట ఆగిపోతుంది. పక్క గదిలో వార్డెన్ పాత పద్ధతిలో వేసిన సీనియర్లలో ఒకరు చరిత్ర, ఒకరు గణాంకశాస్త్రం. ఆ గదిలో వినిపించినన్ని వాదనలు మా గదిలో వినిపించవు.

గది మార్పు విన్నపాలకు జవాబు ఆలస్యంగా వస్తుంది, తెర మాత్రం చూడటానికి బాగుంటుంది. వాడక తప్పనివారు రెండో సగం కింద చిన్న అక్షరాల్లో ఉన్న 'దాటవేయి' మీటను వెతికి నొక్కండి. అప్పుడు శాతం అలవాట్ల మీదే లెక్కకు వచ్చి, జాబితాలో వేరే బ్రాంచిల పేర్లు కూడా కనిపిస్తాయి. ప్రశ్నావళి సమర్పించాక ఆ మీట మళ్లీ కనిపించదు.