టాపర్ కంటే ముందు స్టిక్కర్: పికప్ ట్రక్కుకి కప్పు, సొరుగులు ఎంచుకోవడం

మన ఊళ్ళలో పికప్ అంటే కూరగాయలో సిమెంటు బస్తాలో మోసే బండి. అమెరికాలో అదే ఇంటి బండి. వారమంతా ఆఫీసుకి, శనివారం క్రికెట్ కిట్టుకి, లాంగ్ వీకెండ్‌లో క్యాంపింగుకి. వెనక బెడ్ (సామాను వేసే తొట్టి) తెరిచి ఉంటే అందులో ఏదీ వదిలి వెళ్ళలేం. అందుకే టాపర్. దీన్నే క్యాంపర్ షెల్ అనీ, క్యాప్ అనీ అంటారు. పేరు ఏదైనా వస్తువు అదే: బెడ్ అంచుల మీద కూర్చునే గట్టి పైకప్పు, వెనక ఎత్తి తెరిచే అద్దం.

చాలామంది ముందు టాపర్ రంగు చూస్తారు, తర్వాత సొరుగులు కొంటారు, బండి వెనక్కి కుంగాక బరువు గురించి ఆలోచిస్తారు. ఈ వరస తలకిందులు. డ్రైవర్ తలుపు తీసి పిల్లర్ మీద అంటించిన టైర్ స్టిక్కర్ చూడండి. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని దాని మీద ఒక అంకె ఉంటుంది. ఆ లెక్కలో డ్రైవర్ కూడా ఉన్నాడు. బ్రోషర్లో కనిపించే పెద్ద అంకె సాదాసీదా మోడల్‌ది. ఫోర్ వీల్ డ్రైవ్, సన్‌రూఫ్, పవర్ సీట్లు చేరేకొద్దీ మీ బండి అంకె తగ్గుతూ వస్తుంది.

మిడ్‌సైజ్ ట్రక్కు స్టిక్కర్ మీద 1,150 పౌండ్లు అని ఉందనుకుందాం. ఫైబర్‌గ్లాస్ టాపర్ 180, సొరుగుల సెట్టు 220. మిగిలింది 750. నలుగురు మనుషులు కలిసి 620 అయితే ఇంకా ఉన్నది 130. అయిదు గ్యాలన్ల నీళ్ళ క్యాను ఒక్కటే సుమారు 42 పౌండ్లు. నిండు కూలర్ ఇంకో 60. టెంటు ఎక్కించేసరికి కోటా అయిపోయింది, ఇంకా స్టవ్వూ గిన్నెలూ కిందే ఉన్నాయి. ట్రెయిలర్ లాగేవారికి ఇంకో కోత ఉంది. ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రెయిలర్ తగిలించే కొక్కెం) మీద పడుతుంది, అదీ ఈ కోటాలోంచే పోతుంది. కాబట్టి మిడ్‌సైజ్ బండికి బరువైన టాపర్, బరువైన సొరుగులు రెండూ పెట్టకండి. ఒకటి బరువైతే రెండోది తేలిగ్గా ఉండాలి.

నాలుగు రకాల టాపర్లు

ఎక్కువగా కనిపించేది ఫైబర్‌గ్లాస్. లీర్, ఏఆర్ఈ ఇందులో పాత కంపెనీలు. బండి పెయింట్ కోడ్ ఇస్తే అదే రంగులో తయారుచేసి పంపుతారు, కొన్ని వారాలు పడుతుంది. ఆప్షన్లను బట్టి సుమారు 2,500 నుంచి 4,500 డాలర్లు. బరువు 150 నుంచి 220 పౌండ్ల మధ్య. బండితోపాటే పుట్టినట్టు కనిపిస్తుంది, హైవే మీద చప్పుడు తక్కువ. బలహీనత కప్పులో ఉంది. లోపల అల్యూమినియం ఫ్రేము లేని మామూలు ఫైబర్‌గ్లాస్ కప్పు మీద రూఫ్‌టాప్ టెంటు (బండి కప్పు మీదే వేసుకుని పడుకునే టెంటు) పెట్టకూడదు. కయాక్, రెండు సైకిళ్ళు అయితే ఫరవాలేదు, అదీ ఆర్డర్ చేసేటప్పుడే ర్యాకు పట్టాలు వేయించుకుంటే.

ఆప్షన్లలో డబ్బుకి తగినది పక్కకి తెరుచుకునే కిటికీ తలుపు. మిగతావాటి మీద బేరమాడండి, దీని మీద వద్దు. అది లేకపోతే క్యాబ్ (మనుషులు కూర్చునే భాగం) పక్కన మూలకి జారిన డబ్బా కోసం ప్రతిసారీ మోకాళ్ళ మీద పాకాలి. ట్రెయిలర్ తగిలించి ఉన్నప్పుడు ట్రెయిలర్ జాకీ అడ్డొచ్చి టెయిల్‌గేట్ (బెడ్ వెనక కిందికి దించే తలుపు) పూర్తిగా దిగదు, సొరుగు బయటికి రాదు. అప్పుడు పక్క తలుపే దారి. రెండో మంచి ఆప్షన్ లోపలికి మడిచే ముందు అద్దం. క్యాబ్ అద్దానికీ టాపర్ అద్దానికీ మధ్య సందులో దుమ్ము పేరుకుంటుంది, మడవగలిగితేనే అక్కడికి చెయ్యి వెళ్తుంది. లోపలి కార్పెట్ కప్పు అందులో నిద్రపోయేవారికి మాత్రమే అవసరం. రాత్రి ఊపిరి తేమ చుక్కలై ముఖం మీద పడకుండా ఆపుతుంది.

అల్యూమినియం క్యాపులు పనివాళ్ళవి. ప్లంబర్ల, ఎలక్ట్రీషియన్ల ట్రక్కుల మీద రెండు పక్కలా పొడవాటి తలుపులతో కనిపించేవి ఇవే. తేలిక, నిచ్చెనలు మోస్తాయి, సొట్ట పడితే బెంగ ఉండదు. అందం అడగకూడదు. రివెట్లు వదులైతే గతుకుల్లో గలగలమంటాయి.

స్టీలులో స్మార్ట్‌క్యాప్ వేరే ఆలోచన. అయిదు ముక్కలుగా వస్తుంది, బెడ్ మీదే బోల్టులతో బిగించుకోవాలి. నలుగురిని పిలవక్కర్లేదు, ఇద్దరు చాలు. ఒక పక్క దెబ్బతింటే ఆ ముక్కే మార్చుకోవచ్చు. బండి నడుస్తున్నప్పుడు కప్పు మీద 330 పౌండ్లు, ఆగి ఉన్నప్పుడు 770 పౌండ్లు మోస్తుందని కంపెనీ లెక్క. ఈ రెండు అంకెల తేడా అర్థం చేసుకోకుండా రూఫ్ టెంటు కొనకండి. ప్రయాణంలో మొదటి అంకెలో టెంటు బరువు ఇమడాలి. రాత్రి టెంటూ అందులోని మనుషులూ కలిసి రెండో అంకెలో ఇమడాలి. టెంటు ఖాయమైతే ఇదే సరైనది. టెంటు లేనివారికి మాత్రం దండగ ఖర్చు. పైగా ముక్కల మధ్య ఎన్ని అతుకులైతే నీళ్ళకి అన్ని దారులు.

నాలుగోది గుడ్డ టాపర్. సాఫ్టాపర్ లాంటివి 50 పౌండ్లలోపే, ఒక్కడే పది నిమిషాల్లో మడిచి క్యాబ్ వెనక కట్టేయగలడు. కత్తి ఉన్న దొంగకి ఇది అడ్డం కాదు. హైవే మీద గుడ్డ కొట్టుకునే చప్పుడు ఉంటుంది, గడ్డకట్టే చలిలో జిప్పు మొరాయిస్తుంది, ప్లాస్టిక్ కిటికీ బిర్రబిగుసుకుంటుంది. అయినా అపార్టుమెంట్లో ఉండేవారికి మా ఓటు దీనికే. గట్టి టాపర్ దింపాలంటే నలుగురు మనుషులు కావాలి, దింపాక పెట్టే చోటు కావాలి. ఫ్రిజ్జో సోఫాయో తేవాల్సిన రోజున ఈ మాట గుర్తొస్తుంది.

కొలతలు

ఫోర్డ్ ఎఫ్-150 చిన్న బెడ్‌ని అయిదున్నర అడుగులంటారు, అసలు కొలత 67 అంగుళాలు. అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషి అందులో నిటారుగా పడుకోలేడు. ఆరున్నర అడుగుల బెడ్ అంటే దాదాపు 79 అంగుళాలు, అందులో హాయిగా పడుకోవచ్చు. ఫుల్‌సైజ్ ట్రక్కుల్లో చక్రాల గూళ్ళ మధ్య 48 అంగుళాలకి పైనే ఉంటుంది, ప్లైవుడ్ షీటు బల్లపరుపుగా పడుతుంది. చాలా మిడ్‌సైజ్ బండ్లలో పట్టదు, గూళ్ళ మీదుగా ఎత్తి వేసుకోవాలి. హోండా రిడ్జ్‌లైన్‌లో పడుతుంది గానీ దాని బెడ్ కింద డిక్కీ ఉంది. పైన సొరుగులు పరిస్తే ఆ డిక్కీ మూత తెరుచుకోదు.

రామ్ ట్రక్కుకి రామ్‌బాక్స్ (బెడ్ పక్క గోడల్లోనే ఉండే పెట్టెలు) ఉంటే దానికి తగ్గ టాపరే అడగాలి, మామూలుది కూర్చోదు. అంచుల మీదికి వచ్చే డ్రాప్-ఇన్ లైనర్ (బెడ్‌లో దించే ప్లాస్టిక్ తొడుగు) ఉంటే అంచు దాకా కోసేయాలి లేదా తీసేయాలి. టాపర్ చదునైన అంచు మీదే కూర్చోవాలి. కప్పు క్యాబ్‌తో సమంగా ఉంటే గ్యారేజీ బెంగ లేదు. ఎత్తు రకం తీసుకుంటే ఏడడుగుల గ్యారేజీ తలుపుని టేపుతో కొలిచాకే ఆర్డర్ ఇవ్వండి.

బిగించడం, నీళ్ళు, దుమ్ము

బెడ్ అంచుల్ని కడిగి, పూర్తిగా ఆరాక స్పిరిట్‌తో తుడిచి, ఫోమ్ టేపు అంటించాలి. టేపుని సాగదీయకూడదు. సాగదీస్తే నెలలో ముడుచుకుపోయి మూలల్లో సందు వదులుతుంది. టాపర్ని దించాక రెండు పక్కలా సందు సమానంగా ఉందో కొలిచి, టెయిల్‌గేట్ మూసి, వెనక అద్దం దాని మీద సరిగ్గా కూర్చుంటుందో చూశాకే క్లాంపులు (టాపర్‌ని బెడ్ అంచుకి పట్టి ఉంచే బిగింపులు) వేయాలి. చిన్న బెడ్‌కి నాలుగు, పొడవైనదానికి ఆరు. కారు చక్రం నట్లలాగే ఎదురెదురు మూలలు బిగిస్తూ వెళ్ళాలి. చేత్తో బిగిశాక స్పానర్‌తో పావు నుంచి అర చుట్టు చాలు. బలం చూపిస్తే ఫైబర్‌గ్లాస్ మూల పగులుతుంది, లేదా బెడ్ అంచు వంగుతుంది. ఫోమ్ కొన్నాళ్ళకి నొక్కుకుపోతుంది కాబట్టి వంద మైళ్ళు తిరిగాక ఇంకోసారి చూడాలి. 2015 నుంచి ఎఫ్-150 బాడీ అల్యూమినియం. స్టీలు క్లాంపు నేరుగా తగిలితే అక్కడ తుప్పు మొదలవుతుంది, మధ్యలో రబ్బరు ముక్క పెట్టండి. అయస్కాంతంతో అంటుకునే లైట్లు ఆ బెడ్‌కి అంటుకోవు కూడా.

తర్వాత నీళ్ళ పరీక్ష. ఒకరు టార్చితో, సుద్దముక్కతో లోపల కూర్చోవాలి. ఇంకొకరు పైపుతో కింద నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకి రావాలి. పైనుంచి మొదలుపెడితే నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో తెలియదు. ఎక్కువగా దొరికే చోట్లు మూడు: క్యాబ్ వైపు రెండు మూలలు, బెడ్ అంచులో స్టేక్ గుంటలు (కర్రలు నిలబెట్టే చదరపు రంధ్రాలు), టెయిల్‌గేట్ కింది మూలలు. మూడోది టాపర్ తప్పే కాదు. ఫ్యాక్టరీ టెయిల్‌గేట్ చుట్టూ రబ్బరు ఉండదు, విడిగా సీల్ కిట్టు కొని వేసుకోవాల్సిందే.

మట్టిరోడ్డు మీద దుమ్ము కూడా ఆ సందుల్లోంచే వస్తుంది. నడిచే బండి వెనక గాలి ఒత్తిడి తగ్గుతుంది, రేగిన దుమ్ము ఆ ఖాళీలోకి సుడి తిరిగి టెయిల్‌గేట్ సందుల్లో దూరుతుంది. సీల్ వేశాక కూడా వస్తుంటే, కప్పు ముందు భాగంలో ముందుకి చూసే వెంట్ పెట్టించుకుంటే లోపల ఒత్తిడి కాస్త పెరిగి దుమ్ముని బయటికి నెడుతుంది. వెనక అద్దం తెరిచి మాత్రం నడపకండి. అదే సుడి సైలెన్సర్ పొగనీ లోపలికి లాగుతుంది, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. కుక్కని వెనక కూర్చోబెట్టేవారు ఇది మరీ గుర్తుంచుకోవాలి.

కరెంటు పని చిన్నదే. 1994 మోడల్ నుంచి ట్రక్కులకి మూడో బ్రేక్ లైటు తప్పనిసరి. టాపర్ దాన్ని కప్పేస్తే టాపర్ మీద ఇంకోటి ఉండాలి, వెలగాలి. వైరుని కొరికిపట్టే చవక కనెక్టర్లు మంచుకి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాల్లో రెండు చలికాలాలకి తుప్పు పడతాయి. సోల్డర్ చేసి ష్రింక్ ట్యూబు వేయించండి. లోపలి లైటుకి విడి ఫ్యూజు ఉండాలి.

లోపల ఏం పెట్టాలి

డెక్డ్ అనే కంపెనీ సొరుగులకి పేరు ఊరికే రాలేదు. ఫుల్‌సైజ్ సెట్టులో ఒక్కో సొరుగు 200 పౌండ్లు మోస్తుంది, పైన డెక్ మీద సమంగా పరిస్తే 2,000. బెడ్‌కి రంధ్రాలు పెట్టకుండా ఉన్న కొక్కేలకే బిగుస్తుంది. డ్రాప్-ఇన్ లైనర్ ఉంటే తీసెయ్యాలి. ఇబ్బంది ఎత్తులో ఉంది. బెడ్ నేల దాదాపు 12 అంగుళాలు పైకి లేస్తుంది, సొరుగు లోపలి లోతు మాత్రం పదంగుళాల లోపే. స్పానర్లు, తాళ్ళు, బ్యాట్లు, స్టంపులు అద్భుతంగా ఇముడుతాయి. గుడి అన్నదానానికి పులిహోర గంగాళం మోసేవారికి సొరుగు ఎందుకూ పనికిరాదు, పైన పెడితే టాపర్ కప్పు అడ్డొస్తుంది. పడుకున్నవాళ్ళు లేచి కూర్చోలేరు కూడా.

బెడ్‌స్లైడ్ అంటే సొరుగు కాదు, మొత్తం నేలే బయటికి వచ్చే పళ్ళెం. పెద్ద వస్తువులు తరచూ దించేవారికి ఇదే మేలు. మామూలు రకం 1,000 పౌండ్లు మోస్తుంది గానీ ముప్పాతిక వంతే బయటికి వస్తుంది. పూర్తిగా వచ్చేది కావాలంటే అది వేరే మోడల్. బండి ముక్కు ఎత్తు వైపు ఉన్నప్పుడు తాళం తీస్తే బరువంతా ఒక్కసారిగా మీదికి దూసుకొస్తుంది, ఎదురుగా నిలబడకుండా పక్కనుంచి లాగండి.

ప్లైవుడ్‌తో సొంతంగా చేసుకునేవాళ్ళు ముప్పావు అంగుళం షీటు ఒక్కోటి 60 పౌండ్లు దాటుతుందని మరిచిపోతారు. మూడు షీట్లు వాడితే డెక్డ్ బరువుకి దగ్గరపడ్డట్టే. పక్కలకి అరంగుళం చాలు, నేలకి మాత్రం ముప్పావు వెయ్యండి. పొడవాటి బేరింగు పట్టాలకి డబ్బు పెట్టే బదులు కింద జారుడు ప్లాస్టిక్ పట్టీలు అతికిస్తే తక్కువ బరువుకి సరిపోతాయి, తుప్పూ ఉండదు. అంచులన్నిటికీ వార్నిష్ తప్పనిసరి, తేమ ముందు అక్కడే ఎక్కుతుంది.

మా సలహా మాత్రం ఇది. మొదటి మూడు నెలలు రబ్బరు మ్యాట్, మూతల డబ్బాలు నాలుగు, సామాను జారకుండా అడ్డంగా ఒక కార్గో బార్. అంతా కలిపి 200 డాలర్లు దాటదు. ఏ డబ్బా రోజూ తీస్తున్నారో, ఏది మూలన పడి ఉందో అప్పుడు తెలుస్తుంది. వారానికి ఒకసారి సోనా మసూరి బస్తాలు తెచ్చుకునే ఇంటికి ఆ మ్యాటే ఎక్కువ, అంతకుమించి అక్కర్లేదు.

పాత టాపర్ సగం ధరకి దొరుకుతుంది, మీ తరం బండిదే అయితే. ఒక ఏడాది అటూ ఇటూ అయినా బెడ్ ఆకారం మారి ఉండొచ్చు, అమ్మే మనిషి బండి సంవత్సరం అడగండి. క్లాంపు చోట్ల వెంట్రుక పగుళ్ళు, అద్దం కబ్జాల దగ్గర సాలెగూడు గీతలు చూడండి. అద్దాన్ని ఎత్తి పట్టే గ్యాస్ రాడ్లు పట్టు వదిలితే పెద్ద ఖర్చు కాదు, ఎప్పుడూ జతగా మార్చండి. ఒకటే మారిస్తే అద్దం మెలిపడి కబ్జా పగులుతుంది. తాళం మీద ఉన్న కోడ్ నంబరు ఫోటో తీసుకుని ఇంటికి వెళ్ళండి, తాళంచెవి పోతే కొత్తది దాంతోనే చేయిస్తారు.