ఆరేళ్లు వాడాక: మెటబాలిక్ కార్ట్, దాని క్యాలిబ్రేషన్

పేషెంటుకు మాస్కు పెట్టి సైకిల్ తొక్కిస్తే, ఒంట్లోకి ఆక్సిజన్ ఎంత పోయింది, కార్బన్ డయాక్సైడ్ ఎంత బయటికొచ్చింది అని లెక్క చెప్పే బండి ఇది. మా హైదరాబాద్ ల్యాబ్‌లోకి వచ్చి ఆరేళ్లయింది. మెషీన్ మంచిదే. క్యాలిబ్రేషన్ అంటే ముందే తెలిసిన కొలతతో మెషీన్ అంకెను సరిచూసి సరిచేయడం. అది పాస్ అయిందని మెషీన్ చూపించే ఆకుపచ్చ టిక్కు మీదే నాకు నమ్మకం లేదు.

పొద్దున్నే ఆన్ చేసి అరగంట వేడెక్కనివ్వాలి. తొందరపడి పది నిమిషాలకే క్యాలిబ్రేట్ చేసినా పాస్ అంటుంది. పదకొండింటికల్లా ఆక్సిజన్ రీడింగ్ పక్కకు జరిగిపోయి ఉంటుంది. గాలి ఎంత పోయిందో కొలిచే భాగాన్ని సరిచూసే మూడు లీటర్ల సిరంజి సంగతీ అంతే. ఒకే ఊపులో తోసినా ఒప్పేసుకుంటుంది. నేను మెల్లగా, మధ్యస్తంగా, గట్టిగా మూడు రకాలుగా తోసి చూస్తాను. ఊరికే కూర్చున్న మనిషి ఊపిరీ, తొక్కి తొక్కి రొప్పే మనిషి ఊపిరీ ఒకటి కాదు కదా. మూడింట్లోనూ తేడా 3 శాతం దాటకూడదు. సిరంజి గొట్టాన్ని మాత్రం చేత్తో పట్టుకోకండి, లోపలి గాలి వేడెక్కుతుంది.

గ్యాస్ కొలతను రెండింటితో సరిచూస్తాం. సిలిండర్ ఒకటి: 16 శాతం ఆక్సిజన్, 4 శాతం కార్బన్ డయాక్సైడ్, మిగతాది నైట్రోజన్. రెండోది గది గాలి. అందులో ఆక్సిజన్ 20.93, కార్బన్ డయాక్సైడ్ 0.04 అని మెషీన్ ముందే అనేసుకుంటుంది. మేమేమో తలుపులు మూసిన ఏసీ గదిలో నలుగురం నిలబడి కబుర్లాడుతూ చేసేవాళ్లం! ఇప్పుడు తలుపులు బార్లా తీసి, జనాన్ని బయటికి పంపి, కాసేపాగి మొదలుపెడుతున్నాం.

అసలు దెబ్బ గాలి పీడనం దగ్గర తగిలింది. మెషీన్ బిగించడానికి వచ్చినాయన 760 (మిల్లీమీటర్ల పాదరసం) అని కొట్టి వెళ్లిపోయాడు. విశాఖలో అయితే చెల్లేది. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది, ఇక్కడ 715 దరిదాపుల్లోనే ఉంటుంది. ఆ ఒక్క అంకెతో అందరి ఆక్సిజన్ వాడకమూ ఆరు శాతం ఎక్కువ చూపించింది. క్యాలిబ్రేషన్ మాత్రం రోజూ పాసే. నేనే సైకిలెక్కి 50 వాట్ల లోడ్ దగ్గర తొక్కితే, విశాఖలో నా పాత ల్యాబ్‌లో వచ్చినదాని కన్నా ఆక్సిజన్ అంకె ఎక్కువొచ్చింది. అనుమానమొచ్చి సెట్టింగులు తెరిస్తే దొరికింది. అప్పట్నుంచి ప్రతి సోమవారం తొక్కి, నా అంకె నోటుబుక్కులో రాసుకుంటున్నాను.

ఆక్సిజన్‌ను కొలిచే సెల్ ఏడాదికోసారి మార్పించాల్సి వస్తోంది, దానికి చేతి చమురు వదులుతుంది. ఒక శనివారం సిలిండర్ వాల్వు కట్టేయడం మరిచిపోతే సోమవారానికి ఖాళీ. ఇప్పుడు రెగ్యులేటర్ మీద స్కెచ్ పెన్నుతో ‘కట్టేశావా?’ అని రాసి ఉంది.