‘పీహెచ్ బ్యాలెన్స్’ సీసా కొనబోతున్నారా? నెల్లూరు, ప్రకాశం వాళ్ళు ముందు ఇది చదవండి

ఇంట్లోనే నీళ్ళ ట్యాంకులో ఆకుకూరలు పెంచుకునే కిట్లు అమ్మేవాళ్ళు ఈమధ్య మన వైపు బాగా తిరుగుతున్నారు. వాళ్ళలో ఒకరి దగ్గర కొని నేను మోసపోయాను. పోయిన డబ్బు కంటే నన్ను ఎక్కువ భయపెడుతున్నది ఆ కిట్టుతో ఇచ్చిన ‘పీహెచ్ బ్యాలెన్సర్’ సీసా. పిల్లలు తిరిగే ఇళ్ళలో, చేతికందే ఎత్తులో, అది ఇంకెంతమంది దగ్గర ఉందో. లేబులు లేని తెల్ల ప్లాస్టిక్ సీసా, లోపల నీళ్ళలాంటి ద్రవం, ‘మొక్కల రసం’ అని చెప్పి ఇచ్చింది మీ ఇంట్లో ఉంటే, ముందు లేచి దాన్ని అటక మీద పెట్టి రండి. మిగతాది తర్వాత చదవొచ్చు.

మేముండేది నెల్లూరు వేదాయపాళెంలో, మూడో అంతస్తు. మట్టి కుండీలు పెడితే నీళ్ళు కింది వాళ్ళ బాల్కనీలో పడుతున్నాయని గొడవ. అందుకే ఒక ఎగ్జిబిషన్‌లో ఈ కిట్టు చూసి ఆశపడ్డాను. 20 లీటర్ల ట్యాంకు, 12 రంధ్రాల మూత, చిన్న గాలి మోటారు, బుడగల రాయి, లైటు, ఏ, బి అని రెండు ఎరువు సీసాలు, నీళ్ళలో ఆమ్లం ఎంతుందో అంకెలో చెప్పే (అంకె తగ్గితే ఆమ్లం ఎక్కువ), పెన్నులా ఉండే పీహెచ్ మీటరు, ఆ పీహెచ్ దించడానికని అర లీటరు ‘బ్యాలెన్సర్’. అన్నీ కలిపి 4,850 రూపాయలు. బిల్లు అడిగితే ‘ఫోన్‌లో పంపిస్తాం మేడమ్’ అన్నారు. ఆ మాట దగ్గరే నేను ఆగాల్సింది.

అక్కడ స్టాల్లో ఆయన మా ముందే చేసి చూపించాడు. గిన్నెలో బోరు నీళ్ళు తీసుకుని, రెండు మూతల బ్యాలెన్సర్ పోసి, పెన్ను ముంచితే 6.0 చూపించింది. ‘ఇది మీ నెల్లూరు బోరు నీళ్ళ కోసమే తయారుచేసింది. నీళ్ళు మార్చినప్పుడల్లా రెండు మూతలు పోయండి, ఇంక చూసుకోనక్కర్లేదు. పిల్లలు నోట్లో పెట్టుకున్నా ఏం కాదు’ అన్నాడు. నీళ్ళలో పెంచే ఆకుకూరలకి పీహెచ్ 5.5కీ 6.5కీ మధ్య ఉండాలన్నది నిజమే. అంతవరకు ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆ నిజాన్ని అడ్డం పెట్టుకునే మిగతాదంతా అమ్మాడు.

మొదటి పది రోజులు పుదీనా, పాలకూర, తులసి మంచిగానే లేచాయి. మూడో వారంలో కొత్త చిగుళ్ళు పసుపెక్కడం మొదలైంది. పాత ఆకులు పచ్చగానే ఉన్నాయి. కొత్త ఆకుల్లో మాత్రం ఈనెలు పచ్చగా ఉండి, ఈనెల మధ్య భాగమంతా నిమ్మపండు రంగుకి తిరిగింది. మా అత్తమ్మ పుట్టిల్లు పొదలకూరు, వాళ్ళకి నిమ్మతోటలు ఉండేవి. ఆమె ఆకుని వెలుతురుకి పట్టి చూసి, ‘మా నాయన తోటలో కూడా ఇట్లానే వచ్చేది, దీనికి ఇనుము అందట్లేదు’ అంది. పెన్ను చూస్తే 6.1. 6.1లో ఇనుము అందకపోవడం ఏంటని నేను ఆమె మాట పట్టించుకోలేదు. అమ్మినాయనకి ఫోన్ చేశాను. ‘బ్యాలెన్సర్ చాలట్లేదు, ఇంకోటి తీసుకోండి’ అన్నాడు. 650 పెట్టి రెండో సీసా తెప్పించుకున్నాను. వారం తిరిగేసరికి వేళ్ళు గోధుమరంగుకి వచ్చి, పట్టుకుంటే జిగటగా జారుతున్నాయి.

అసలు సంగతి బయటపెట్టింది మా చిన్నమామయ్య. ఆయన ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలు చేస్తాడు. పండగకి వచ్చి ట్యాంకు మూత ఎత్తి చూసి ఆయన అడిగిన మొదటి మాట, ‘పొద్దున ఎంత చూపిస్తా ఉంది, సాయంత్రం ఎంత?’ అని. నేను బ్యాలెన్సర్ పోసిన వెంటనే తప్ప ఎప్పుడూ చూడలేదు. రొయ్యల రైతులు రోజుకి రెండుసార్లు చూస్తారు. పగలు గుంటలోని పాచి కార్బన్ డయాక్సైడ్ పీల్చేసుకుంటుంది కాబట్టి సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది, తెల్లారేసరికి తగ్గుతుంది. ఒక్కసారి చూసిన అంకె మీద ఆధారపడితే సరుకు పోతుందని వాళ్ళకి తెలుసు. రెండో ప్రశ్న, ‘ఆల్కలినిటీ ఎంత?’ ఆమ్లం పోసినా పీహెచ్ దిగకుండా నీళ్ళు ఎంత అడ్డుకుంటాయో చెప్పే కొలత అది. ఆ మాట ఆ రోజు దాకా నేను వినలేదు. కిట్టు అమ్మినాయన నోట కూడా రాలేదు.

మరుసటి రోజు మూడు నీళ్ళ సీసాల్లో బోరు నీళ్ళు, ట్యాంకు నీళ్ళు, ఆర్వో క్యాను నీళ్ళు పట్టుకుని ఆయన వెళ్ళే ఆక్వా ల్యాబ్‌కి పోయాం. బోరు నీళ్ళు పీహెచ్ 7.9, ఆల్కలినిటీ లీటరుకి 340 మిల్లీగ్రాములు. ఆర్వో నీళ్ళ ఆల్కలినిటీ 30. ట్యాంకులో నీళ్ళు 7.6. అవే నీళ్ళలో నా పెన్ను ముంచితే 6.1! ల్యాబులో అబ్బాయి నా పెన్ను తీసుకుని, మీటర్లు సరిచూడటానికి వాడే 6.86 బఫర్ ద్రావణంలో పెట్టాడు. 6.86 చూపించాల్సిన చోట 5.4 చూపించింది. వెనక్కి తిప్పి చూస్తే సన్న స్క్రూ ఒకటుంది, దాన్ని ఎవరో తిప్పిన గీతలు కొత్తగా మెరుస్తున్నాయి. ఎవరు తిప్పారో నేను చూడలేదు కాబట్టి ఆ మాట అనను. స్టాల్లో నాకు చూపించిన 6.0 మాత్రం అసలు 7.5 దగ్గర ఉండి ఉంటుంది, ఎందుకంటే ఆ రోజు ముంచింది ఇదే పెన్ను.

ఒకటిన్నర తేడాయే కదా అనుకోకండి. పీహెచ్ ఒక్క అంకె మారితే పది రెట్ల తేడా. 6.1కీ 7.6కీ మధ్య ఆమ్లత్వంలో సుమారు 30 రెట్ల తేడా ఉంది. ఇనుముని నీళ్ళలో కరిగి ఉండేలా పట్టి ఉంచడానికి ఎరువుల్లో ఎక్కువగా కలిపే ఈడీటీఏ, పీహెచ్ 6.5 దాటాక పట్టు వదిలేస్తుంది. ఇనుము నీళ్ళలోనే ఉంటుంది కానీ మొక్క తీసుకోలేని రూపంలోకి పోతుంది. డీటీపీఏ రకమైతే 7.5 దాకా ఓర్చుకుంటుంది. అత్తమ్మ ఆకుని చూసి చెప్పింది అక్షరాలా నిజం, నా మీటరు చెప్పింది అబద్ధం.

ఇక సీసా సంగతి. మన బోరు నీళ్ళలో బైకార్బొనేట్ ఎక్కువ. ఆల్కలినిటీ అంటే ప్రధానంగా అదే. ఏ ఆమ్లం పోసినా ముందు దాన్ని ఈ బైకార్బొనేట్ మింగేస్తుంది. అప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ నీళ్ళలో కరిగి ఉన్నంతసేపు పీహెచ్ తక్కువగా కనిపిస్తుంది. రాత్రంతా బుడగల రాయి ఆ గ్యాసుని బయటికి తోసేస్తుంది, తెల్లారేసరికి పీహెచ్ మళ్ళీ పైకి. ఇంటికొచ్చాక ఇది నేనే చేసి చూశాను. మంచి మీటరు అడిగి తెచ్చుకుని, బకెట్ బోరు నీళ్ళలో వాళ్ళ బ్యాలెన్సర్ కొంచెం కొంచెం పోస్తూ 6.0కి దించి, బుడగల రాయి వేసి పడుకున్నా. పొద్దున 7.3. అమ్మేవాడు స్టాల్లో చూపించేది పోసిన ఐదు నిమిషాల్లోది. మన మొక్క బతకాల్సింది మిగతా 23 గంటల్లో.

పోనీ ఇంకా ఎక్కువ పోస్తే దిగదా అంటే, దిగుతుంది. కానీ ఆల్కలినిటీ ఎంత ఎక్కువుంటే అంత ఆమ్లం ఖర్చవుతుంది. 340 ఉన్న నీళ్ళని ఫాస్ఫారిక్ ఆమ్లంతోనే లొంగదీయాలంటే మొక్కకి అవసరమైన దానికి ఎన్నో రెట్ల ఫాస్ఫరస్ ట్యాంకులో చేరుతుంది. సిట్రిక్, వెనిగర్ లాంటివైతే వాటిని సూక్ష్మజీవులు తినేస్తాయి, పీహెచ్ తిరిగి పెరుగుతుంది, పైగా జిగట పడుతుంది. నా వేళ్ళకి పట్టిన జిగట దానివల్లేనా అంటే, సీసాలో ఏముందో రాసి ఉంటే కదా చెప్పడానికి. ‘నెల్లూరు నీళ్ళ కోసం’ అన్న మాటలోనే మోసం ఉంది. పెన్నా నుంచి వచ్చే కుళాయి నీళ్ళు వేరు, మా అపార్టుమెంటు బోరు వేరు, పక్క వీధి బోరు వేరు. మీ నీళ్ళ ఆల్కలినిటీ తెలియకుండా రెండు మూతలో నాలుగు మూతలో ఎవరూ చెప్పలేరు.

మా ఆడపడుచు కనిగిరిలో ఉంటుంది. నేను గొప్పగా చెబితే తనూ ఇదే సీసా తెప్పించుకుంది, ఆ బాధ నాకు ఇంకా ఉంది. తన హాల్లో స్పైడర్ ప్లాంట్, డ్రసీనా ఆకుల కొసలు మాడిపోతుంటే ‘బ్యాలెన్సర్ పోస్తే పోతుంది’ అని ఆమెకి చెప్పారంట. కనిగిరి వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎంత బాధ పెడుతోందో ఆ వైపు వాళ్ళకి నేను చెప్పాల్సిన పని లేదు. ఈ రెండు మొక్కలూ ఫ్లోరైడ్‌కి ఇట్టే కొసలు మాడ్చుకునే రకాలు. పీహెచ్ ఎంత దించినా నీళ్ళలోంచి ఫ్లోరైడ్ పోదు. వాన నీళ్ళో ఆర్వో నీళ్ళో పోయడమే దారి.

పిల్లల విషయం ముందే ఎందుకు రాశానంటే, మా వంటింటి అలమరాలో కడప రాయి పలకలు. సీసా అడుగు తడిగా ఉందని గమనించకుండా అక్కడ పెట్టాను. తీసి చూస్తే రాయి మీద గుండ్రంగా తెల్లటి మరక. తుడిచినా పోలేదు, వేలితో రాస్తే గరుగ్గా తగిలింది. పక్కన ఒక చుక్క వేసి చూశా, బుసబుసమని నురగ వచ్చింది. కడప రాయి సున్నపురాయే కాబట్టి ఆమ్లం పడితే అట్లాగే పొంగుతుంది. నిమ్మరసం పడినా మరక పడుతుంది, నిజమే. కానీ ఏం ఆమ్లమో, ఎంత గాఢతో, కంట్లో పడితే ఏం చెయ్యాలో ఒక్క అక్షరం రాయకుండా, పిల్లలు నోట్లో పెట్టుకున్నా ఏం కాదని చెప్పి అమ్మారు. మా వాడికి నాలుగేళ్ళు. వాడి నీళ్ళ సీసా ఉండేది అదే అలమరాలో.

ఇదంతా ఫోటోలతో పంపితే అమ్మినాయన ‘మీ నీళ్ళే బాగాలేవు’ అన్నాడు. రెండోసారి చేస్తే నా నంబరు బ్లాక్. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద తయారీదారు పేరు, చిరునామా, పరిమాణం, ఎంఆర్‌పీ, తయారైన నెల, సంవత్సరం ఉండి తీరాలి. నా పెట్టె మీద ఒక్కటీ లేదు. బిల్లు లేకపోయినా ఫోన్‌పే రసీదు, ఆయనతో నడిచిన మెసేజీలు ఉన్నాయి, అవి తుడిచేయకుండా దాచుకోండి. కొన్నప్పటి నుంచి, లేదా మోసం జరిగినప్పటి నుంచి రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు.

కొనాలనే ఉంటే కొనండి, నీళ్ళలో మొక్కలు పెంచడం మంచి పనే. కానీ ముందు మీ నీళ్ళు ఆక్వా ల్యాబ్‌కి తీసుకెళ్ళి పీహెచ్, ఆల్కలినిటీ రెండూ చూపించుకోండి. కోస్తా మండలాల్లో అయితే ఆ ల్యాబులు దగ్గర్లోనే దొరుకుతాయి. నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి ‘నీళ్ళు బాగున్నాయి’ అంటే నమ్మొద్దు, దానికీ పీహెచ్‌కీ సంబంధం లేదు. మీటరు కొంటే బఫర్ పొట్లాలు అడగండి. డిస్టిల్డ్ వాటర్‌లో, పొట్లం మీద రాసినంత కొలతలో కలిపి, మీ కళ్ళ ముందే 6.86లో, 4లో ముంచి చూపించమనండి. చూపించనంటే అక్కడ్నుంచి వచ్చేయండి. పెన్ను కొసని ఆర్వో నీళ్ళలో నానబెట్టి దాచమని నాకు చెప్పారు, అదీ తప్పే. పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో తడిగా ఉంచాలి, లేకపోతే గాజు బుడ్డి పాడవుతుంది.

నేనిప్పుడు 15 లీటర్ల ఆర్వో నీళ్ళకి 5 లీటర్ల బోరు నీళ్ళు కలుపుతున్నా. ఆల్కలినిటీ 110 లోపుకి వచ్చింది. ‘ఏ’ అని రాసిన సీసా ఎరువు పోసి బాగా కలిపాకే ‘బి’ పోస్తాను. రెండూ నేరుగా ఒకదాంట్లో ఒకటి పోస్తే కాల్షియం తెల్లగా విరిగి అడుక్కి చేరుతుంది. ఎరువులు పడ్డాకే ఆమ్లం, అదీ లేబులు ఉన్న ఫాస్ఫారిక్, చేతికి గ్లౌజు వేసుకుని చుక్కచుక్కగా నీళ్ళలోకి. రాత్రంతా బుడగలు నడిచాక పొద్దున చూసిన అంకెనే లెక్కలోకి తీసుకుంటాను, 5.8 నుంచి 6.2. మొక్క నైట్రేట్ తాగేకొద్దీ పీహెచ్ పైకి పోతుంది కాబట్టి రెండు రోజులకోసారి చూడక తప్పదు. పసుపెక్కిన పాత చిగుళ్ళు అట్లానే ఉండిపోయాయి. పుదీనాకి పోయిన వారం వచ్చిన నాలుగు చిగుళ్ళు మాత్రం పూర్తి పచ్చగా ఉన్నాయి.

నా దగ్గర బఫర్ పొట్లాలు ఇంకా మిగిలి ఉన్నాయి. వేదాయపాళెం, మాగుంట లేఅవుట్, దర్గామిట్ట వైపు ఉండి ఇలాంటి పెన్ను కొన్నవాళ్ళు ఎవరైనా మెసేజ్ పెట్టండి. సాయంత్రం ఆరు దాటాక వస్తే ఐదు నిమిషాల్లో చూసి చెబుతాను. ఆ తెల్ల సీసా ఉంటే మాత్రం మోసుకుని రావద్దు, ఫోటో తీసి పంపండి చాలు, నా ఫిర్యాదుకి జతచేస్తాను.