గోధుమరంగు కొవ్వు పేరుతో అమ్మే చలి జాకెట్: నాలుగు వారాల వాడకం

ఫ్రీజర్‌లో గడ్డకట్టించిన జెల్ పలకలను జేబుల్లో దూర్చి రోజుకు గంటసేపు తొడుక్కుంటే, ఒంట్లో వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు మేలుకొని, శక్తిని నిల్వచేసే తెల్ల కొవ్వును కరిగిస్తుందని ఈ జాకెట్‌తో వచ్చిన చిన్న పుస్తకం చెబుతోంది. నాలుగు వారాలు వాడాను. కుట్టు గట్టిది, పలకలు కారలేదు, జిప్పు మొరాయించలేదు. నా అభ్యంతరమంతా ఆ పుస్తకంతోనే.

అందులో నిజం లేకపోలేదు. ఈ కొవ్వు పసిపిల్లలకే పరిమితమని చాలాకాలం అనుకున్నారు. పెద్దల్లోనూ అది మెడ, భుజాల దగ్గర ఉండి పనిచేస్తుందని 2009లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒకే సంచికలో వేసిన మూడు అధ్యయనాలు నిర్ధారించాయి. వాటిలో నెదర్లాండ్స్ పరిశోధకులు 24 మంది యువకులను 16 డిగ్రీల చలిలో ఉంచి స్కాన్ చేస్తే 23 మందిలో అది కనిపించింది. ఈ అంకెను పుస్తకం పెద్దక్షరాల్లో వేసుకుంది. బరువెక్కువున్న వారిలో దాని చురుకుదనం తక్కువగా ఉందని అదే అధ్యయనం చెప్పిన మాటను మాత్రం మింగేసింది. జాకెట్ కొనేది ఎక్కువగా వారే కదా!

మూడో రోజు ఇరవయ్యో నిమిషానికి నా దవడ టకటకా కొట్టుకోసాగింది. ‘వణుకు మొదలైతే కొవ్వు రగిలినట్లే’ అని పుస్తకం అభయమిచ్చింది. ఇది పెద్ద తప్పు. వణికేది కండరం. గోధుమరంగు కొవ్వు ప్రత్యేకతే వణుకు లేకుండా వేడి పుట్టించడం: దాని కణాల్లో కిక్కిరిసిన మైటోకాండ్రియాలో (కణానికి శక్తినిచ్చే భాగాల్లో) యూసీపీ-1 అనే ప్రోటీన్ ఉంటుంది, మామూలుగా ఏటీపీ (కణాలు ఇంధనంలా వాడుకునే పదార్థం) తయారీకి వెళ్లవలసిన శక్తిని అది దారి మళ్లించి నేరుగా వేడిగా వదిలేస్తుంది. ఆ రంగు కూడా మైటోకాండ్రియాలోని ఇనుము వల్ల వచ్చిందే. అందుకే పరిశోధకులు సాధారణంగా చలిని వణుకు పుట్టే హద్దుకు కాస్త ఇవతలే ఆపుతారు.

రెండు పలకలు సరిగ్గా కాలర్ బోన్ పైన, ఆ కొవ్వు ఉండే చోటే కూర్చుంటాయి. చూడటానికి తెలివిగా ఉన్నా ఇందులో పస లేదు. చలి సంగతి చర్మం నుంచి మెదడుకు చేరి, అక్కడి నుంచి నరాల ద్వారా నోరాడ్రినలిన్ అనే రసాయనం విడుదలైతేనే ఆ కొవ్వు కదులుతుంది కాబట్టి చలి వీపుకు తగిలినా చాలు. పైగా ‘మెడ కింద వేడెక్కిందో లేదో చూసుకోండి’ అంటూ పెట్టెలో థర్మామీటర్ ఒకటి ఇచ్చారు. మంచు పలక తీసిన చోట అది ఆ పలక చల్లదనాన్ని తప్ప ఏం చూపిస్తుంది?

గుండె జబ్బున్నవారికి, చలికి వేళ్లు తెల్లబడేవారికి ఒక్క హెచ్చరికా లేకపోవడం నిర్లక్ష్యమే. నా బరువు మారలేదు. ఆకలి మాత్రం పెరిగింది. ఇదంతా అమ్మకందారుకు రాశాను. నాకు వణుకు చాలినంత రాలేదట. అదనపు పలకల జత కొనమని జవాబిచ్చారు.