మూడో వారం కోసం కొనొచ్చు, చివరి మూడు వారాలు దాటేయొచ్చు

ఉద్యోగం పని అయ్యాక రాత్రుళ్లు లోగోలు, పుస్తకాల ముఖచిత్రాలు చేస్తుంటాను. వేడినీళ్లకు చన్నీళ్లు తోడనుకుని మొదలుపెట్టా. మూడేళ్లు గడిచేసరికి పని పెరిగింది, నిద్ర తగ్గింది, చేతిలో మిగిలేది మాత్రం అంతే. ఆ చిరాకులో, సైడ్ పనిని సొంత స్టూడియోగా మార్చి చూపిస్తామనే ఆన్‌లైన్ కోర్సు ఒకటి కొన్నాను. తిట్టాల్సినవి కూడా ఉన్నాయి కాబట్టి పేరు చెప్పను. మొత్తం 8 వారాలు, రికార్డు చేసిన వీడియోలు, వారానికో లైవ్.

మొదటి రెండు వారాలూ కలలు కనడం, వాటిని కాగితం మీద రాయడంతోనే సరిపోయింది. నచ్చకపోతే 14 రోజుల్లో డబ్బు వాపస్ అంటారు, అసలు సరుకు మొదలయ్యేది 15వ రోజున!

ఆ సరుకు మాత్రం మంచిది. సైడ్ పనికి పెట్టే ప్రతి అరగంటా ఎటు పోతోందో టైమ్‌షీట్‌లో రాయమన్నారు, మెయిల్స్, ఫోన్లు, కోటేషన్లు, రావలసిన డబ్బు గురించి మొహమాటపడుతూ గుర్తుచేయడం, అన్నీ కలిపి. ఒక ముఖచిత్రానికి గీసింది 9 గంటలు, దాని చుట్టూ మాటలకీ మార్పులకీ పోయింది 11 గంటలు. నేను రేటు కట్టింది ఆ 9 గంటలకే. అంటే గంటకు ఇంత వస్తోందని ఇన్నాళ్లూ అనుకున్న దాంట్లో నిజంగా వస్తున్నది సగం కూడా లేదు. ఆ రాత్రి కాసేపు స్క్రీన్ వైపే చూస్తూ కూర్చున్నాను.

కాంట్రాక్టు పాఠం కూడా బాగుంది. మొదలుపెట్టే ముందు 50% అడ్వాన్స్, రెండు రివిజన్లు రేటులోనే, మూడో దాని నుంచి విడిగా, చివరి పేమెంట్ వచ్చాకే సోర్స్ ఫైళ్లు, అంటే మార్చుకోవడానికి వీలుండే అసలు ఫైళ్లు. డిజైన్ వాడుకోనివ్వడం వేరు, హక్కే రాసివ్వడం వేరు అని కూడా చక్కగా విడమర్చారు. కాపీరైట్ మీద దేశాలు కుదుర్చుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందంలో ఉన్న చోట్ల కాపీరైట్ కోసం రిజిస్టర్ చేయించాల్సిన పనిలేదు, గీసినప్పుడే పుడుతుంది కదా, అలాంటిదాన్ని నేను ఇన్నాళ్లూ ఉత్త మెయిల్‌లో ‘ఓకే, మీదే’ అనేసి ధారపోస్తున్నాను.

కానీ ఇక్కడే పెద్ద లోటు. కోర్సు కొనేవాళ్లలో ఎక్కువమంది నాలాగా ఉద్యోగం చేస్తూనే ఉంటారు, అయినా ముందు మీ ఉద్యోగ ఒప్పందం తీసి చదవండి అని ఒక్క వీడియోలోనూ అనలేదు. ఉద్యోగంలో భాగంగా చేసిన పని హక్కు చాలా దేశాల్లో కంపెనీదే, బయటి పని చేయకూడదని రాసి ఉండే ఒప్పందాలూ ఉంటాయి. ఫాంట్ల లైసెన్సుల ఊసే లేదు. కంప్యూటర్‌లో వాడటానికి కొన్న ఫాంటు క్లయింట్ వెబ్‌సైట్‌లో పెట్టాలంటే చాలాసార్లు వేరే లైసెన్సు కావాలి, అది తెలియక ఒకసారి నా జేబులోంచి కట్టాను.

చివరి మూడు వారాల పేరు ‘ఎదుగుదల’. మనుషుల్ని పెట్టుకునే ముందు ఎన్ని నెలల ఖర్చు చేతిలో ఉండాలి, సగం ఆదాయం ఒక్క క్లయింట్ నుంచే వస్తుంటే ఏం చేయాలి, నెలకింతని రిటైనర్ ఎలా కుదుర్చుకోవాలి, ఇవి లైవ్‌లో అడిగితే ‘టైమ్ అయిపోయింది’ అన్నారు. వాళ్లు చూపించిన దారి ఒక్కటే: మీరు కూడా ఒక కోర్సు చేసి అమ్మండి.

కొత్త షరతులు పాత క్లయింట్లు ఐదుగురికి పంపాను. ఇద్దరు మళ్లీ పలకలేదు, ఇద్దరు బేరమాడి ఒప్పుకున్నారు, అందరికంటే ఎక్కువ సతాయిస్తాడనుకున్నాయన అదే రోజు అడ్వాన్స్ పంపాడు. ఇప్పటికే క్లయింట్లు ఉండి, డబ్బు అడగడానికి నోరు రాని వాళ్లయితే డిస్కౌంట్ పెట్టినప్పుడు కొనండి. ఇంకా మొదటి క్లయింటే దొరకని వాళ్లకు ఇది అనవసరం.

అన్నట్టు, చివర్లో సర్టిఫికెట్ ఇస్తారు. డిజైనర్లకిచ్చే ఆ కాగితంలో అక్షరాల మధ్య ఖాళీలు ఒక్కచోటా సమంగా లేవు. నేనే సరిచేసి దాచుకున్నాను. టైమ్‌షీట్‌లో అరగంట, బిల్లు లేదు.